పసుపు పెట్టిన సూటు

ఇప్పుడంటే నా బట్టలు నాకంటే ముందే ఇంటికొచ్చి గుమ్మం ముందు అట్టపెట్టెలో పడుకుని ఉంటున్నాయి గానీ, ఒకప్పుడు నేను బట్ట కొనాలంటే ఇల్లు కదలాల్సి వచ్చేది. రెండు బస్సులు మారాలి, నిలువుటద్దం ముందు నిలబడాలి, అందులో కనిపించినవాణ్ణి చూసి కొంత నిరాశపడాలి. మరీ తాతలనాటి మాట కాదు. ఎం.ఎస్. పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం రాకుండా నేను గడిపిన ఒకానొక వేసవి సంగతి. చదువు అయిపోయిన మాలాంటి పరాయిదేశపువాళ్ళకి, అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఓపీటీ అని ఒక అనుమతి ఇస్తారు. అందులో తొంభై రోజులు ఉద్యోగం లేకుండా గడిచిపోతే పెట్టె సర్దుకోవాలి. జూలై సగమయ్యేసరికి నా తొంభైలో అరవై పైచిలుకు ఖర్చయిపోయాయి. మిగిలినవాటిని, డబ్బాలో అడుగంటిన కందిపప్పుని చూసుకున్నట్టు రోజూ పొద్దున్నే ఒకసారి చూసుకునేవాణ్ణి.

అటువంటి సమయంలో ఒక బీమా కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. సోమవారం ఉదయం, వాళ్ళ ఆఫీసులో, ఎదురెదురుగా. మెయిల్ చివర ‘బిజినెస్ ఫార్మల్‌లో రావలెను’ అని ఒక ముక్క ఉంది. నేను అప్పటిదాకా వేసుకున్నవాటిలోకెల్లా ఫార్మల్ అయినది స్నాతకోత్సవానికి అద్దెకు తెచ్చిన నల్ల గౌను. అది తిరిగిచ్చేశాను. (ఉన్నా వేసుకుని వెళ్ళేవాణ్ణి కాదనుకుంటాను. గట్టిగా చెప్పలేను.)

“సూట్ కావాల్నంటే పెద్దకొట్టుకే పోవాలె,” అన్నాడు అన్న. అన్నంటే నా రూమ్మేట్. కరీంనగర్ వాడు, నాకంటే ఏడాది సీనియర్. మా అపార్ట్‌మెంట్లో అందరికీ అతను అన్నే. సొంత పేరు లీజు కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. “సమ్మర్ సేల్ నడుస్తున్నది. నిన్న మూడో శుక్రవారం, సగం ధరకొచ్చినయ్. పా, చూసొద్దాం.”

పెద్దకొట్టు అనేది మేము పెట్టుకున్న పేరు. దానికి అసలు పేరు, నూరేళ్ళ కిందటెప్పుడో దాన్ని కట్టించిన ఇద్దరు అన్నదమ్ములది. ఊరి నడిబొడ్డున వీధి మొత్తం ఆక్రమించి ఆరంతస్తులు. నేను అంతకుముందు దాని పక్కనుంచి చాలాసార్లు వెళ్ళాను గానీ, ఏదో కోర్టు అయి ఉంటుందని భయపడి లోపలికి వెళ్ళలేదు. ఆ శనివారం ఇత్తడి తలుపు తోసుకుని అడుగుపెట్టిన నేను, సిగ్గు విడిచి చెబుతున్నాను, చెప్పులు విడవడానికి చోటు కోసం వెతికాను. పాలరాతి స్తంభాలు పైకి పోయి, పోయి, రంగుటద్దాల గోపురం దగ్గర ఆగాయి. ఆ అద్దాల్లోంచి దిగిన ఎండ కింద ఉన్న సాక్సుల కుప్ప మీద నీలంగా, ఎర్రగా పడుతుంటే ఆ సాక్సులు కూడా ఏదో వ్రతం చేస్తున్నట్టున్నాయి. గోడల వెంట ఇత్తడి గొట్టాలు పాకుతూ పోయాయి. ఒకప్పుడు చీటీలు గాలి ఊపుతో వాటిలో పడి అంతస్తు నుంచి అంతస్తుకి ఎగిరేవట. ఎస్కలేటర్ మెట్లు చెక్కవి. ఎక్కుతుంటే ఎవరో ముసలాయన మోకాళ్ళు పట్టుకుని మనల్ని పైకి మోస్తున్నట్టు మూలిగేవి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, అన్న నా గడ్డం కింద చెయ్యిపెట్టి మూశాడు.

“ఇంజనీర్‌వి. జర ఇజ్జత్ కాపాడు.”

ఆ కొట్టు సేల్‌కి ఒక పద్ధతి ఉంది. నాలుగు శుక్రవారాలు. మొదటి శుక్రవారం ధర కొంచెం తగ్గుతుంది, రెండోదానికి ఇంకొంచెం, మూడోదానికి సగమవుతుంది, నాలుగోదానికి పావే. ఆ మర్నాడు మిగిలినదంతా దానధర్మాలకి పోతుంది. మారేది ఊరికే మారదు. శుక్రవారం పది గంటలకి, కొట్టులో అందరికంటే పాత ఉద్యోగి నేల అంతస్తులో పెద్ద గడియారం కింద నిలబడి ఒక ఇత్తడి చేతిగంట వాయించాలి. గంట మోగేదాకా పాత ధరే, మోగిన మరుక్షణం కొత్త ధర. అన్నదమ్ములు పెట్టిన ఆచారమట, ఒక్క వేసవి కూడా తప్పలేదట. మా రోజుల్లో ఆ గంట వాయించినావిడ బట్టలు సరిచేసే గదికి పెద్ద. పీచుమిఠాయిలాంటి తెల్ల జుట్టు, మెడలో కొలతల టేపు, ముక్కు చివర కళ్ళజోడు. ఆవిణ్ణి మేము గంట మామ్మ అనుకునేవాళ్ళం. మొహం మీద అనేంత ధైర్యం గానీ, ఆవిడకి అర్థమయ్యే ప్రమాదం గానీ లేవు.

రెండో అంతస్తులో నా సూటు దొరికింది. బూడిదరంగు, లోపల మీగడరంగు పట్టు లైనింగ్. కోటు నా భుజాల మీద, నా కోసమే వందేళ్ళుగా కాచుకుని ఉన్నట్టు కూర్చుంది. ప్యాంటు మాత్రం నా తర్వాత ఇంకో జానెడు మిగిలింది. అద్దంలో మొదటిసారి ఒక ఉద్యోగస్తుడు కనిపించాడు. చీటీ తిప్పి చూశాను. సగం ధర కూడా నాకు అందేలా లేదు. అందుతుంది గానీ, ఆ తర్వాత నెలాఖరుదాకా సూటు వేసుకుని పస్తుండాలి.

“వచ్చే శుక్రవారం పావు ధరకొస్తది. నీ ఇంటర్వ్యూ ఆ పై సోమవారం. లెక్క సరిపాయె,” అన్నాడు అన్న.

“అప్పటిదాకా ఎవరైనా కొనేస్తే?”

“దాస్తం.”

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళలో ఒక మెరుపు కనిపించింది. కిందటి వేసవిలో అన్న ఇదే కొట్టులో ఒక జత బూట్లు దాచి పోగొట్టుకున్నాడు. బూట్లని బూట్ల మధ్యే దాచడం తన జీవితంలో చేసిన పెద్ద తప్పని ఇప్పటికీ ఒప్పుకుంటాడు. “దాచుడంటే ఎట్లుండాలె? మనమే ఎతికినా దొరకొద్దు,” అంటూ సూటుని చంకలో పెట్టుకుని మూలిగే మెట్లెక్కాడు. ఐదో అంతస్తులో చలికోట్లు. ఆడవాళ్ళవి, ఎలుగుబంట్లంత లావువి, వరసలు వరసలుగా. జూలైలో అటువైపు మనుషులు కాదు కదా, ఈగ కూడా రాదు. చివరి వరసలో, గోడ పక్కన, రెండు ఎలుగుబంట్ల మధ్య నా బూడిదరంగు సూటు మాయమైంది. మేమిద్దరం చేతులు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు, చలికోట్ల బొత్తాల్ని కాసేపు మెచ్చుకుని కిందికి దిగాం.

ఇంతవరకూ జరిగినదాంట్లో తెలివి ఉంది. తర్వాత జరిగినదాంట్లో మా అమ్మ ఉంది.

ఆదివారం ఫోన్లో అమ్మ “సూటు కొన్నావట్రా?” అంది. “కొన్నట్టే” అన్నాను. అమ్మకి ‘అట్టే’ వినపడలేదు. సంతోషించింది. మంగళవారం తనే ఫోన్ చేసింది. గొంతులో పంచాంగం కాగితాల చప్పుడు ఉంది.

“ఒరే, ఆ కొత్త సూటు ఇంకా కట్టుకోలేదుగా? శుక్రవారం అమావాస్య. శనివారం పాడ్యమి, పైగా శనివారం కొత్త బట్ట ముట్టకూడదు. ఆదివారం ఒక్క మంచి ఘడియ లేదు, ఆ ఊసే వద్దు. రేపు బుధవారం త్రయోదశి, దివ్యంగా ఉంది. రేపే పసుపు పెట్టేసెయ్. తర్వాత ఎప్పుడు కట్టుకున్నా దోషం లేదు.”

“అమ్మా, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి అమావాస్య తెలీదు.”

“వాళ్ళకి తెలీదు కాబట్టే నువ్వు తెలుసుకుని ఉండాలి. ఇప్పటికి ఎన్ని ఇంటర్వ్యూలయ్యాయి?”

“పదకొండు.”

“ఒక్కదానికైనా తిథి చూశావా?”

చూడలేదు. పదకొండుసార్లు తిథి చూడకుండా వెళ్ళి పదకొండుసార్లు ఉత్త చేతుల్తో వచ్చినవాడి దగ్గర వాదన ఏముంటుంది? గణాంకశాస్త్రంలో నాకు మంచి మార్కులొచ్చాయి. అవి నా వైపు లేవు. నా దగ్గర లేని సూటుకి పసుపు పెట్టాలి, అదీ రేపే. అన్నని అడిగితే “అండ్ల ఏమున్నది? సూట్ ఏడుంటే ఆడికే పోయి పెట్టు,” అని వంటింట్లో పోపుడబ్బా వైపు చూపించాడు.

బుధవారం మధ్యాహ్నం, పొట్లంలో చిటికెడు పసుపు, సీసాలో గుక్కెడు నీళ్ళు పెట్టుకుని చలికోట్ల మధ్యకి దూరాను. పసుపు తడిపి, కోటు లోపలి జేబు పక్కన, లైనింగ్ మూలన, బొటనవేలితో ఒక బొట్టు. చిన్నదే పెట్టాను. పెసరగింజంత. అది పట్టు అన్న సంగతి పసుపుకి తెలుసు, నాకు తెలీదు. పెసరగింజ నా కళ్ళముందే కందిగింజయింది, శనగయింది, చివరికి అరిసెంత అయ్యాక ఆగింది. దాన్ని తుడవబోయి ఇంకాస్త పాకించి, ‘లోపలే కదా, ఎవరు చూస్తారు’ అనుకుని, ధర ఒకసారి చూసుకుని (అది చేయకుండా ఉండాల్సింది), దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఎలుగుబంట్ల మధ్య కళ్ళు మూసుకుని నిలబడ్డ నన్ను ఎవరూ చూడలేదు. అది నా అదృష్టమనే అనుకున్నాను.

శుక్రవారం పదింటికి అన్న, నేను గడియారం కిందే ఉన్నాం. చుట్టూ రెండొందలమంది ఊపిరి బిగబట్టి ఉన్నారు. గంట మామ్మ కళ్ళజోడు సర్దుకుని, గడియారంతో ఏదో పాత లెక్క తేల్చుకుంటున్నట్టు దాని వంక చూసి, గంట ఎత్తారు. ఆ ఇత్తడి మోత స్తంభాల వెంట పైకెక్కి, గోపురాన్ని తాకి, రంగురంగుల ఎండతో కలిసి మా నెత్తిన పడింది. వందేళ్ళుగా ఇలాగే పడుతోందని తలుచుకుంటే నాకు వెన్ను జలదరించింది. పక్కనున్నవాళ్ళకి జలదరించలేదు. వాళ్ళు పరిగెత్తారు. నేను మాత్రం పరిగెత్తలేదు. దాచినవాడి ధీమా నడకలో ఉంటుంది. నింపాదిగా ఐదు అంతస్తులు మూలిగే మెట్ల మీద ఎక్కి, చివరి వరస, గోడ పక్క, రెండు ఎలుగుబంట్ల మధ్య చెయ్యి పెట్టాను.

చెయ్యి గోడకి తగిలింది.

అటుపక్క చూశాను, ఇటుపక్క చూశాను. అన్న నేల మీద పడుకుని కోట్ల కిందనుంచి చూశాడు. సూటు లేదు. సోమవారానికి మధ్యలో ఉన్నవి రెండు రోజులు. రెండో అంతస్తులో పావు ధర సూట్లన్నీ ఈపాటికి ఎవరెవరి చంకల్లోకో చేరిపోయి ఉంటాయి.

“పొయ్యి అడుగు,” అన్నాడు అన్న, మోకాళ్ళు దులుపుకుంటూ.

“ఏమని? ‘అయ్యా, మీ సూటు ఒకటి ఆడవాళ్ళ చలికోట్లలో దాచాను, మీరు తీశారా’ అనా?”

అన్న ఆలోచించాడు. “అట్ల కాదు. జర మర్యాదగా అడగాలె.”

మర్యాద ఎలా కూడగట్టుకోవాలా అని మేము చూస్తుండగానే, వెనకనుంచి “అబ్బాయ్” అని వినిపించింది. గంట మామ్మ. (ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నాకు మాత్రం ఎందుకో ఆ సంభాషణంతా తెలుగులోనే గుర్తుంది.) ఆవిడ నన్ను పేరడగలేదు, ఏం కావాలని అడగలేదు.

“మీ బొటనవేలు చూపించండి.”

చూపించాను. పసుపు చర్మం మీంచి పోయినా గోటిని రెండు మూడు రోజులు వదలదని తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా? ఆవిడ జేబులోంచి ఒక ధర చీటీ తీసి నా గోటి పక్కన పెట్టారు. చీటీ మీద, ధర పక్కనే, పచ్చటి వేలిముద్ర. గీతలతో సహా, పాస్‌పోర్ట్ ఆఫీసులో కూడా ఎప్పుడూ అంత శుభ్రంగా పడలేదు.

“రండి,” అన్నారు. వెళ్ళాను. అన్న నా వెనక నాలుగడుగుల దూరంలో, నాకు పరిచయం ఉన్నట్టూ లేనట్టూ నడిచాడు.

బట్టలు సరిచేసే గది మధ్యలో, కిటికీ వెలుతురు కింద, నా సూటు కోటు తిరగేసి వేలాడుతోంది. దాని చుట్టూ బల్ల మీద సీసాలు, సబ్బులు, కోసిన నిమ్మచెక్కలు, దూది ఉండలు. ఏదో పెద్ద ఆపరేషన్ జరిగి, రోగి బతికి, డాక్టర్లు ఓడిపోయినట్టుంది. నా పచ్చటి అరిసె లైనింగ్ మూలన చెక్కుచెదరకుండా నవ్వుతోంది.

“నలభై ఒక్క ఏళ్ళు,” అన్నారు గంట మామ్మ. “రెడ్ వైన్ వదిలించాను. సిరా వదిలించాను. పెళ్ళి కేకు, నెత్తురు, పడవలకి వేసే రంగు, అన్నీ. ఇది వదల్లేదు. మొదట సబ్బు పెట్టాను. ఎర్రగా అయింది.”

“ఎర్రగానా?”

“రక్తంలా. కుర్చీలో కూలబడిపోయాను. వెనిగర్ పెట్టాను, మళ్ళీ పచ్చగా అయింది. సోడా పెట్టాను, మళ్ళీ ఎరుపు. నిన్నంతా అది రంగులు మారుస్తూ నాతో ఆడుకుంది. ఇదేమిటి?”

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మా అమ్మమ్మకి తెలుసు. రెండు డిగ్రీలున్న నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. బీమా కంపెనీకి వెళ్ళాల్సిన నా సూటు నిన్నంతా పెళ్ళికూతురై కూర్చుందన్నమాట. ఆవిడ మొహంలో కోపం కోసం వెతికాను. కనిపించింది కోపం కాదు. నేను వారం కింద రంగుటద్దాల గోపురాన్ని చూసినట్టు, ఆవిడ మా పోపుడబ్బా పసుపుని చూస్తున్నారు.

ఇంక దాచడానికి ఏముంది? మొత్తం చెప్పేశాను. అమావాస్య చెప్పాను, త్రయోదశి చెప్పాను, పదకొండు ఇంటర్వ్యూలు చెప్పాను, తొంభై రోజులు చెప్పాను. కొత్త బట్టకి మంచిరోజున ఆ మూలన బొట్టు పెడితే, కట్టుకున్నవాడు క్షేమంగా ఉంటాడని మా వాళ్ళ నమ్మకమని చెప్పాను. కోట్లలో దాచిన సంగతి దగ్గర మాత్రం గొంతు కొంచెం తగ్గింది.

“అది మాకు శనివారమే తెలుసు,” అన్నారావిడ. “ప్రతి వేసవీ అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. మంచి చోటే. నా పెళ్ళి గౌను మూడు వారాలు అక్కడే ఉంది. మీ స్నేహితుడికి దాచడం రాదు, కాలర్ కనబడుతోంది. నేనే రెండుసార్లు లోపలికి తోశాను. రెండోసారే ఈ పచ్చటి మచ్చ చూసి దించాను.”

వెనక గుమ్మం దగ్గర అన్న చిన్నగా దగ్గాడు. దాచడం రాదన్న మాట అతన్ని నా ఇంటర్వ్యూ కంటే ఎక్కువ బాధపెట్టింది.

“మేడమ్, నేను కొంటాను,” అన్నాను.

“కొనలేరు. మరకపడ్డ సరుకు ఈ కొట్టు అమ్మదు. మొదటి రోజునుంచీ ఉన్న నియమం.”

ఆ మాటతో నా తొంభై రోజులు ఒక్కసారిగా అయిపోయినట్టనిపించింది. సూటుని చూశాను. అమ్మ గుర్తొచ్చింది. దోషం రాకూడదని పెట్టిన బొట్టే దోషమై కూర్చుంది. “మేడమ్, అది మరక కాదు,” అన్నాను. “అది... ఇది నాదని పెట్టుకున్న గుర్తు.”

గంట మామ్మ కళ్ళజోడు పైకి తోసి నన్ను చూశారు. తర్వాత సూటుని చూశారు. తర్వాత చీటీని. చీటీని కిటికీ వెలుతురుకి పట్టి, జాగ్రత్తగా సరిచూసుకున్నారు.

“గుర్తయితే వేరే సంగతి. గుర్తంటే ఇది కొట్టుది కాదు, ముందే మీదైపోయింది. మా సరుకే కానప్పుడు మరక గురించి మాకెందుకు? ఎప్పుడు పెట్టారన్నారు?”

“బుధవారం,” అన్నాను, ప్రాణం లేచొచ్చి. “త్రయోదశి. చాలా మంచి రోజు.”

“అయితే బుధవారం కొన్నారన్నమాట. గంట మోగింది శుక్రవారం.” ఆవిడ చీటీ మీద ధరని వేలితో చూపించారు. “బుధవారం ధర.”

సగం. పావు కాదు, సగం. గణాంకశాస్త్రం, పంచాంగం, అన్న తెలివి, మూడూ కలిసి చేసిన ప్రణాళికని ఆవిడ ఒక్క వాక్యంతో కూల్చేశారు. అందులో ఎక్కడా తప్పు పట్టడానికి లేకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది. లెక్కపెట్టి ఇచ్చేశాను. ఆ నెల మా వంటింట్లో కూర అనే పదార్థం కనిపించలేదు. పప్పు రూపంలో, చారు రూపంలో తన జ్ఞాపకాలు మాత్రం వదిలింది. సంచీలో పెట్టేటప్పుడు చూస్తే ప్యాంటు అంచులు మడిచి కుట్టి ఉన్నాయి. సరిగ్గా నా చీలమండల దాకా.

“నా కొలతలు మీకెలా తెలుసు?”

“అద్దం ముందు ప్యాంటు మడుచుకుని అరగంట నిలబడ్డారుగా,” అన్నారావిడ. “ఇంకో సంగతి. ఎంత ఉక్కపోసినా కోటు విప్పకండి.”

విప్పలేదు. ఉద్యోగం వచ్చింది. త్రయోదశి బలమని అమ్మ అంది. తను దాచకపోతే సూటే లేదని అన్న ఇప్పటికీ అంటాడు. నేను మాత్రం, పన్నెండు ఇంటర్వ్యూల్లో మొట్టమొదటిసారి నా కాళ్ళకి సరిపోయిన ప్యాంటు వేసుకుని నడిచానని అనుకుంటాను.

కిందటి జూలైలో ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్ళాల్సొస్తే, సెలవులు కదా అని పదకొండేళ్ళ మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. ఇప్పుడు మేముంటున్న శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కొట్టు అంటే అట్టపెట్టెలు పంపే వెబ్‌సైట్ అనుకుంటుంది. ఇత్తడి తలుపు తోయగానే తల పైకెత్తి, గోపురాన్ని చూస్తూ, నోరు తెరిచేసింది. నేను దాని గడ్డం కింద చెయ్యి పెట్టలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చాను. గంట గడియారం కింద బల్ల మీదే ఉంది. మెడలో టేపు వేసుకున్న సన్నటి మనిషి ఒకాయనని అడిగితే, గంట మామ్మ రిటైరయ్యారనీ, సరస్సు దగ్గర ఉంటున్నారనీ, నాలుగో శుక్రవారం మాత్రం తప్పకుండా వచ్చి గంట సరిగ్గా పదింటికే మోగిందా లేదా అని చూసుకుని వెళ్తారనీ చెప్పాడు.

చెక్కమెట్లు ఇంకా మూలుగుతున్నాయి. ఐదో అంతస్తులో, చివరి వరసలో, గోడ పక్కన రెండు ఎలుగుబంట్లు ఉన్నాయి. అలవాటుగా మధ్యలో చెయ్యి పెట్టాను. చెయ్యి గోడకి తగల్లేదు. ముదురునీలం బ్లేజర్. చీటీ మీద సగం ధర. లైనింగ్ ఒకసారి తిప్పి చూశాను. శుభ్రంగా ఉంది. కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకోవాలి. సైజు సన్నటి పిల్లవాడిది, ఒకప్పటి నాది. ఇప్పటి నా సైజు ఎవరూ దాచుకోరు, సేల్ చివరిదాకా అదే మిగిలి ఉంటుంది. ఎవడో ఈ రాత్రి ఎక్కడో పడుకుని, శుక్రవారం ఇంకా రెండు రోజులుందని లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. బ్లేజర్‌ని లోపలికి తోసి, పక్క కోట్లని రెండువైపులనుంచీ దాని మీదికి సర్దాను.

“నాన్నా, వాట్ ఆర్ యూ డూయింగ్?” అంది మా అమ్మాయి. “అది మనది కాదు కదా?”

“కాదమ్మా.”

“మరి ఎందుకు హైడ్ చేస్తున్నావ్?”

“నేను దాచలేదు తల్లీ,” అన్నాను. “కాలర్ కనబడుతోంది, అంతే.”